అంటుక్లిప్పుల రూలింగు

పుంగనూరు,
4 మార్చి 2025

మునీశ్వరీ,

బాగున్నావా? ఉమాశంకర్ అన్న బాగున్నాడా? మొన్న ఫోన్ చేస్తే "కస్టమ్స్ సంగతా? అయితే కాగితం మీద రాసి పోస్టులో పంపు" అని టక్కున పెట్టేశావు. మదనపల్లె కాలేజీ హాస్టల్లో మూడేళ్లు ఒకే గదిలో పడుకున్న మనిషితో మాట్లాడే పద్ధతేనా ఇది? సరే, నీ పంతమే నెగ్గింది. రాస్తున్నాను.

మొదటి నుంచీ చెప్తాను, లేకపోతే మళ్లీ నువ్వే నిలదీస్తావు. వానాకాలం టమోటాకు ఎండు తెగులు తగిలితే నిన్న పచ్చగా ఉన్న చెట్టు ఇవాళ తల వాల్చేస్తుంది. అందుకని మా నర్సరీలో అడవి వంకాయ వేరు మీద టమోటా కొమ్మను అంటుకట్టి నారు ఇస్తున్నాం. రెండు లేత కాండాలను ఏటవాలుగా కోసి, ఒకదానికొకటి ఆనించి, చిటికెన వేలి గోరంత సిలికాన్ క్లిప్పు పెడతాం. పది రోజుల్లో అతుక్కుపోతుంది. రామక్క, కృష్ణమ్మ, ఇంకా కొందరు ఆడవాళ్లు ఈ పని చేస్తారు. ఒకప్పుడు అందరూ కూలికి పోయినవాళ్లే. ఇప్పుడు నెల జీతాలు.

ఇన్నాళ్లూ బెంగళూరులో ఒకతని దగ్గర క్లిప్పులు కొనేవాళ్లం. అతను వ్యాపారం మానేశాడు. అందుకే ఈసారి నేనే చైనా నుంచి నేరుగా తెప్పిస్తున్నాను. లైసెన్సు నా పేరు మీదే తీసుకున్నాను. నవ్వకు, నిజంగానే దిగుమతిదారునయ్యాను!

మదనపల్లెలో విత్తనాల అంగడి గంగాధర్ గారు తెలుసు కదా, ఆయన ఒక రూలింగు ప్రింటు తీసి ఇచ్చాడు. ఎవరో ముందే కస్టమ్స్ వాళ్లను అడిగారట, అంటుకట్టే పనిముట్టు ఏ పద్దు కిందకు వస్తుందని. వ్యవసాయ చేతిపనిముట్టు, సుంకం తక్కువ అని తేల్చారట. "గవర్నమెంటోళ్లే వెబ్‌సైట్లో పెట్టినారు మా. ఇది సూపిస్తే నిన్ను అడిగేవోడు ఉండడు" అన్నాడు. నువ్వేమంటావు?

జూన్ మొదటికి క్లిప్పులు చేతికి రాకపోతే వానకారు నారు లేదు. బైరెడ్డిపల్లె, తంబళ్లపల్లె రైతులకు మాటిచ్చేశాను. ఈ ఒక్క సీజను తప్పితే నర్సరీ మూసుకోవాల్సిందే, రామక్కవాళ్లు మళ్లీ కూలికి పోవాల్సిందే. దాచడమెందుకు, రాత్రి పడుకుంటే అదే ఆలోచన.

ఇంకొకటి. చెన్నైలో కస్టమ్స్ ఏజెంటు ఆఫీసులో అంత మంచి ఉద్యోగం ఎందుకు మానేశావో ఇంతవరకు చెప్పలేదు నువ్వు.

నీ నీలిమ


కుప్పం,
12 మార్చి

దిగుమతిదారు నీలిమ గారికి,

నమస్కారాలు. నవ్వానులే. నవ్వకు అన్నాక నవ్వకుండా ఎలా ఉంటాను?

ముందు మీ అన్న మాట. ఈయన పొద్దున్నే కాఫీ తాగుతూ పేపరు చదువుతాడు, నేను ఎదురుగా కూర్చుని కస్టమ్స్ రూలింగులు చదువుతాను. చెన్నై వదిలినా ఈ అలవాటు వదల్లేదు. "ఈ పొద్దు ఏం తేల్చినారు?" అని అడుగుతాడు. నిన్న చెప్పులకు వాడే బంకను గురించి చదివి వినిపించాను. పాపం, పాఠాలు చెప్పడానికి స్కూలుకు తొందరగా వెళ్లిపోయాడు.

ఇక నీ సంగతి. ఆ రూలింగు ఎవరు అడిగారో వాళ్లకు, వాళ్లు చూపించిన సరుకుకు ఇచ్చిన జవాబు. చట్టప్రకారం అది వాళ్లకూ, వాళ్ల విషయంలో కస్టమ్స్‌కూ మాత్రమే కట్టుబాటు. నీకు వర్తించాలని ఎక్కడా లేదు. మరి చదవడం దేనికంటావా? అధికారులు ఒక వస్తువును చూసి ఏమేం అడుగుతారో, దేనికి సరే అంటారో, దేనికి తల అడ్డంగా ఊపుతారో అంతా అందులో ఉంటుంది. మన సరుకు రాకముందే ఎక్కడ చిక్కు వస్తుందో తెలుసుకోవచ్చు. నాకు తెలిసి అంతకంటే పెద్ద ఉపయోగం లేదు.

గంగాధర్ గారు చివరి పేజీ చదివి సంతోషపడినట్టున్నారు. నువ్వు ముందు పేజీలు చదువు. వాళ్ల వస్తువు దేనితో చేశారు, కోసేదా పట్టుకునేదా, చేత్తో పట్టుకుని పనిచేస్తారా, మొక్కకే వదిలేస్తారా, ఇవన్నీ చూడు. నీకు పనికొచ్చే రూలింగు ఒక్కటే పట్టుకుని కూర్చోకుండా నీకు వ్యతిరేకంగా వచ్చినవి కూడా వెతుకు. తర్వాత అప్పీలులో కొట్టేశారేమో కూడా చూడాలి. అన్నిటికంటే ముందు ఒక క్లిప్పు కవరులో పెట్టి పంపు. వస్తువు చూడకుండా నేను మాట చెప్పను.

చెన్నై గురించా? ఆ ఎండ, ఆ లోకల్ రైళ్లు నాకు పడలేదు. అంతే అనుకో.

మునీశ్వరి


పుంగనూరు,
2 ఏప్రిల్

మునీ,

ఇదిగో క్లిప్పు. దీన్ని కవరులో పెడుతుంటే రామక్క చూసి, "యాల మా, ఇంత ముక్కకు ఇంత రచ్చ? ఆ కుప్పం అమ్మకు పనేం లేదా?" అంది. ఆమె కోసం కాదు, మనకోసమే చేస్తోంది అన్నాను. "అట్లయితే ఈసారి వచ్చినప్పుడు ఒక బుట్ట టమోటాలు కట్టియ్యాల" అంది. కాబట్టి నీకు ఒక బుట్ట ఖాయం.

మునీ, నీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. నెలరోజులుగా గుండెలో ఉన్న బండ దిగిపోయింది. నువ్వు చెప్పినట్టే ముందు పేజీలు చదివాను. డిక్షనరీ పక్కన పెట్టుకుని, ప్రతి పేజీ రెండుసార్లు. వాళ్ల సరుకును ఎంత చక్కగా వర్ణించారో! "అంటుకట్టుటకు వాడు చేతిపనిముట్టు, వ్యవసాయమునకు" అని వస్తుంది తెలుగులో చెప్పుకుంటే. నేనేం చేశానంటే, ఆ వాక్యాన్నే ఉన్నదున్నట్టు చైనావాళ్లకు పంపి, మా ఇన్వాయిసులో కూడా ఇలాగే రాయండి అన్నాను. ఎంత మంచివాళ్లో, సాయంత్రానికే మార్చి పంపారు. ఇప్పుడు రూలింగుకూ మన కాగితానికీ అక్షరం తేడా లేదు. జిరాక్సు ఇందులో పెట్టాను, చూసి మెచ్చుకో.

ఈ వారమే సరుకు ఓడ ఎక్కుతుంది. నువ్వు లేకపోతే నేను ఏమైపోయేదాన్నో. దేవుడు నిన్ను చల్లగా చూడాలి.

నీలిమ


కుప్పం,
7 ఏప్రిల్

నీలూ,

పొద్దున నీ ఫోనుకు "ఆపు" అని ఒక్క మాట పంపాను. ఎందుకో ఇందులో రాసి బస్సు పార్సిల్లో వేస్తున్నాను, సాయంత్రానికి అందుతుంది.

నీ క్లిప్పు నా అరచేతిలో ఉంది. ఆ రూలింగు కూడా తీసి చదివాను. వాళ్లు అడిగింది ఇనుప బ్లేడున్న కత్తి గురించి. పిడి పట్టుకుని కాండం కోసే వస్తువు. నువ్వు "అంటుకట్టు" అన్న మాట చూసి సంబరపడి బ్లేడు సంగతి దాటేసినట్టున్నావు. నీది మెత్తటి సిలికాన్ ముక్క, ఏదీ కోయదు. మొక్కకు పెట్టి వదిలేస్తే కాండం లావయ్యాక దానంతట అదే ఊడిపోతుంది. రెండూ అంటుకట్టడానికే వాడతారు, నిజమే. అంతమాత్రాన రెండూ ఒకటి కావు.

నువ్వు తప్పుడు బుద్ధితో చేయలేదని నాకు తెలుసు. మండలాఫీసు గోడకు అంటించిన నమూనా అర్జీ చూసి, అందులో ఉన్నట్టే రాసిచ్చే అలవాటు మనది. నమూనాలో "నా తండ్రి రామయ్య" అని ఉంటే మనవాళ్లు కొందరు రామయ్యనే రాసి ఇస్తారు. అక్కడైతే గుమాస్తా నవ్వి దిద్దుతాడు. రేవులో అలా కాదు. పెట్టె తెరిచి చూస్తారు, కాగితంలో కత్తి, పెట్టెలో క్లిప్పు. తక్కువ సుంకం కోసం సరుకు పేరు మార్చారంటారు. సరుకు జప్తు చేయవచ్చు, జరిమానా వేయవచ్చు, ఆపైన నీ పేరు మీద వచ్చే ప్రతి పెట్టె తెరుస్తారు. నువ్వు భయపడుతున్న నష్టమంతా నీ చేతులతో నువ్వే తెచ్చుకున్నట్టవుతుంది.

ఇన్వాయిసు మార్పించు. రేవులో నీ తరఫున కాగితాలు వేసే ఏజెంటుకు ఇంకా ఏమీ దాఖలు చేయొద్దని చెప్పు.

మునీశ్వరి


మదనపల్లె,
10 ఏప్రిల్

మునీశ్వరి గారికి,

గంగాధర్ గారి అంగట్లో కూర్చుని రాస్తున్నాను. నీ ఉత్తరం ఆయనకు చూపించాను. "అందురూ సేసేదే గదమ్మా. ఓడ బైలుదేరినాక యాడ మారుస్తావు? ఆడ పెట్టె తెరిసేదాకా వొస్తే అప్పుడు సూసుకుందాం. నీ స్నేహితురాలు మరీ భయస్తురాలు మాదిరుండాది" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది.

ముందు పేజీలు చదవమన్నది నువ్వే. చదివి, దానికి తగ్గట్టు చేస్తే ఇప్పుడు దొంగనంటున్నావు. అసలు పేరు రాస్తే సుంకం ఎంత పెరుగుతుందో ఏజెంటు చెప్పాడు. ఓడ కాగితాలు కూడా మార్పించాలట, సరుకు రేవులో ఎన్నాళ్లు ఉంటుందో తెలియదట. అడవి వంకాయ నారు ట్రేలలో పోసేశాం. అది ముదిరిపోతే అంటుకు పనికిరాదు. ఆ ట్రేల ముందు నిలబడి రామక్కకు ఏమని చెప్పాలో నువ్వే చెప్పు. నువ్వు కుప్పంలో కాఫీ తాగుతూ రూలింగులు చదువుకుంటావు. ఏది ఏమైనా నీకు పోయేదేముంది?

నీలిమ


కుప్పం,
14 ఏప్రిల్

నీలూ,

"గారు" అని రాశావు. రెండుసార్లు చదివాను ఆ మాట.

నాకు పోయేదేముందని అడిగావు కాబట్టి చెప్తాను. చెన్నైలో నేను పనిచేసిన ఏజెంటు ఆఫీసులో ఒక పెద్ద పార్టీ ఉండేది. వాళ్లకు ఒక రూలింగు నచ్చింది. నువ్వు చేసినట్టే అందులోని మాటలు ఇన్వాయిసులోకి తెచ్చుకున్నారు, అయితే వాళ్లు తెలిసే చేశారు. సరుకు ఏమిటో కస్టమ్స్‌కు చెప్పే బిల్లు నా సీటు నుంచి దాఖలు కావాలి. సరుకు ఫోటోలు చూసి, నేను వేయను అన్నాను. "ఇది పబ్లిష్ అయిన రూలింగేనమ్మా" అన్నాడు మా ఓనరు. రూలింగు నిజమే సార్, సరుకే అది కాదు అన్నాను. ఆ వారంలోనే ఇక రావద్దని ఫోన్లో చెప్పాడు. నా సీట్లో ఇంకో అమ్మాయిని కూర్చోబెట్టి ఆ బిల్లు వేయించారు. ఊరికే మానేసిందని అందరికీ చెప్పారు. చెప్పిందంతా ఫోన్లోనే కాబట్టి నా దగ్గర చూపించడానికి ఒక్క ముక్క కూడా లేదు. నిన్ను రాసి పంపమనేది ఆ దెబ్బతోనే.

ఉద్యోగం పోయినందుకు ఇప్పుడు బాధ లేదు. నేను వద్దన్నందువల్ల ఒక్క పెట్టె కూడా ఆగలేదే అన్నదే బాధ. నా మాటకు ఏం విలువ ఉందని ఇన్నేళ్లూ అనుకుంటూనే ఉన్నాను. నీతో చెప్పుకోవడానికి సిగ్గయింది.

పని మాట. ఏజెంటు ఇంకా బిల్లు వేయలేదు కాబట్టి వ్యవహారం నీ చేతిలోనే ఉంది. "మొక్కలకు వాడే సిలికాన్ అంటుక్లిప్పులు" అని నిజం పేరుతో కొత్త ఇన్వాయిసు తెప్పించు. పాతది ఎందుకు తప్పో ఒక లెటరు కూడా వాళ్ల చేత రాయించు. ఓడ కాగితాల్లో పేరు దిద్దమని ఇప్పుడే అడుగు, ఓడ ఇంకా దారిలోనే ఉంది. ప్లాస్టిక్ వస్తువుల కింద ఎక్కువ సుంకమే కట్టు. ఇలాంటి మొక్కల క్లిప్పులను ప్లాస్టిక్ కిందే వేసిన రూలింగులు రెండు దొరికాయి, ఇందులో పెట్టాను. అవీ నీకు కట్టుబాటు కావు, కానీ గాలి ఎటు వీస్తోందో తెలుస్తుంది. ముందు ఈ సరుకు గొడవ లేకుండా బయటపడనీ. వచ్చే సంవత్సరం సరుకుకు నీ పేరు మీద నువ్వే ముందుగా రూలింగు అడుగుదువుగాని. తగాదా మొదలైతే అడిగే వీలుండదు.

కోపం పోకపోయినా పరవాలేదు. ఇది మాత్రం చెయ్యి.

మునీశ్వరి


పుంగనూరు,
30 మే

మునీ,

ముందు క్షమించు. తర్వాత మిగతావి.

నీ ఉత్తరం ట్రేల మధ్య కూర్చుని చదివాను. రామక్క వచ్చి ఏమైంది అని అడిగితే మొత్తం చెప్పాను, ఓడ, కత్తి, నీ ఉద్యోగం. విని ఆమె అన్న మాట ఇది: "ఆ యమ్మ అన్నం పోగొట్టుకోని గూడా వొద్దనింది. మనం ఇంటే ఏం పోయింది మా? పేరు మార్సు." ఆ సాయంత్రమే చైనాకు రాశాను.

మార్పించడానికి నానా తిప్పలు పడ్డాను. ఓడ కంపెనీ వాళ్లు రోజుకో కాగితం అడిగారు. ఏజెంటు విసుక్కున్నాడు. అమ్మ గాజులు బ్యాంకులో పెట్టి సుంకం కట్టాను, ఆ మాట అమ్మకు చెప్పకు. మునీ, సరుకు రేవుకు వచ్చాక పెట్టెలు తెరిచారు! నిజంగా తెరిచారు. మొదటిసారి తెప్పిస్తున్న వాళ్లవి చూస్తారట. అధికారి ఒక క్లిప్పు తీసి కాగితంతో పోల్చి, సరిపోయింది అని పక్కన పెట్టాడట. ఏజెంటే చెప్పాడు. ఆ పాత కాగితంతో ఉండి ఉంటే?

నిన్న క్లిప్పులు వచ్చాయి. అడవి వంకాయ నారు కొంత ముదిరింది, కొంత పారేశాం. మిగిలినదానికి ఇవాళ పొద్దున అంటు మొదలుపెట్టాం. రామక్క మొదటి క్లిప్పు పెట్టేటప్పుడు నీ పేరు తలచుకుంది. ఎవరి జీతమూ ఆగలేదు, ఎవరూ కూలికి పోలేదు. నీ మాటకు విలువ లేదని మళ్లీ ఎప్పుడైనా అన్నావో, కుప్పం బస్సెక్కి వచ్చి నెత్తిన మొట్టుతాను.

వచ్చే సంవత్సరం సరుకుకు రూలింగు అడగాలి. అర్జీ నువ్వే రాయాలి. గోడ మీది నమూనా చూసి రాయనులే.

నీ నీలూ


మదనపల్లె,
22 ఆగస్టు

మునీ,

మన రూలింగు అర్జీ మీద విచారణ వీడియోలో అయిపోయింది. మా షెడ్డు దగ్గర నెట్ సరిగా రాదని గంగాధర్ గారి అంగట్లో విత్తనాల పాకెట్ల మధ్య లాప్‌టాప్ పెట్టుకున్నాను. ఆయన పట్టుబట్టి పక్కనే కూర్చున్నాడు.

నీ అర్జీ ఎంత బాగుందో, ముంబైలో రూలింగు ఇచ్చే ఆ పెద్దాయన నన్ను వస్తువు గురించి పెద్దగా ఏమీ అడగలేదు. సాగుతుందా అని అడిగాడు. క్లిప్పును కెమెరా ముందు సాగదీసి చూపించాను. ట్రేలో నుంచి ఒక అంటుమొక్క తెచ్చి, అది ఎలా కూర్చుంటుందో కూడా చూపించాను. మన సీమ టమోటా ముంబై దాకా వెళ్లింది చూడు, వీడియోలోనైనా.

తర్వాత ఒక కాగితం తిరగేస్తూ, మొన్నటి సరుకుకు ఇన్వాయిసు రెండుసార్లు ఎందుకు వచ్చింది అని అడిగాడు. గంగాధర్ గారు బల్ల కింద నా కాలు తొక్కాడు. కాలు వెనక్కి లాక్కున్నాను. తర్వాత నాకొచ్చిన ఇంగ్లీషులో ఉన్నదంతా చెప్పేశాను. ఇంకొకరి రూలింగు చూసి అందులోని మాటలు మా కాగితంలో రాయించాను, తప్పని తెలిసి మార్పించాను అన్నాను. "అప్పటికి కస్టమ్స్ ఏమైనా అభ్యంతరం చెప్పిందా?" అన్నాడు. లేదు సార్, ఎవరూ అడగలేదు, నా స్నేహితురాలు ఆపమంది, ఆపాను అన్నాను. ఆయన తల ఊపి ఏదో రాసుకున్నాడు.

అది ముగిశాక గంగాధర్ గారు టీ తెప్పించాడు. తాగుతూ, "నేను గూడా రెండు మూడు రకాలు తెప్పిస్తాండానమ్మా. ఆ యమ్మ నా కాగితాలు గూడా సూస్తుందా?" అన్నాడు. అడిగి చెప్తానన్నాను. భయస్తురాలని అన్నాడు కదా, కొంచెం ఫీజు ఎక్కువే చెప్పు.

నీలూ


కుప్పం,
19 నవంబరు

నీలూ,

నీ రూలింగు ఇవాళ పొద్దున వెబ్‌సైటులో పెట్టారు. నీ నర్సరీ పేరు, పుంగనూరు, అంతా ఉంది. నీకు కాగితం అందే ఉంటుంది, అయినా నా చేత్తో రాయాలనిపించింది.

మనం ఆశపడిన తక్కువ సుంకం రాలేదు. క్లిప్పులు ప్లాస్టిక్ వస్తువులే అని తేల్చారు, ఎక్కువ సుంకమే. వాళ్లు చెప్పిన కారణాలు చదివితే నాకూ న్యాయంగానే అనిపించింది. అయితే ఇక ఊహలు లేవు. వచ్చే సీజనుకు నారు ధర ఎంత చెప్పాలో, ఎంతమందికి పని ఉంటుందో ఇవాళే కూర్చుని తేల్చుకోవచ్చు. రేవులో ఎవరూ నిన్ను వేరే మాట అనలేరు, ఈ రూలింగు నీది. రామక్కకు చెప్పు, నర్సరీకి ఢోకా లేదని. గంగాధర్ గారి కాగితాలు కూడా అందాయి, చూస్తున్నాను. ఒకదాంట్లో తప్పుంది, ఆయనకు విడిగా రాస్తాను.

అసలు సంగతి నాలుగో పేజీలో ఉంది. నీ సరుకు చరిత్ర చెప్పేచోట ఒక వాక్యం రాశారు. తెలుగులో చెప్తాను: "సరుకు వర్ణనలో జరిగిన పొరపాటును, ఏ అధికారీ ప్రశ్నించకముందే, మరొకరు హెచ్చరించగా దరఖాస్తుదారు తానే సరిదిద్దుకున్నారు."

ఇన్నేళ్లుగా రోజూ ఎవరెవరి రూలింగులో చదువుతున్నాను కదా నీలూ. ఈ రోజు "మరొకరు" అన్న మాట దగ్గర ఆగిపోయాను. చెన్నైలో ఆ సీట్లోంచి లేచి వచ్చినప్పుడు నా మాట వినేవాళ్లు లోకంలో లేరనుకున్నాను. నువ్వు విన్నావు. కోపంతోనైనా విన్నావు, గాజులు తాకట్టు పెట్టి మరీ విన్నావు. విని ఊరుకోకుండా అంత పెద్దాయన ముందు నన్ను తలచుకున్నావు.

ఉమాశంకర్ పేపరు దించి, "ఈ పొద్దు ఏం తేల్చినారు?" అన్నాడు. చదివి వినిపిద్దామని మొదలుపెట్టి, వాక్యం సగంలో ఏడ్చేశాను. ఆయన కంగారుపడి, ఏమైంది, ఓడిపోయినారా అన్నాడు. లేదు, నా మాటకు ఒక్కరు ఆగినారు అన్నాను. నీకు నా దండాలు నీలూ.

నీ మునీ